బొమ్మ మాట్లాడితే ఇల్లు మూగబోతుంది

మూడేళ్లు నిండిన పిల్లకు పుట్టినరోజు కానుక ఏమివ్వాలని ఎవర్నడిగినా ఇప్పుడు వచ్చే సలహా ఒకటే: మాట్లాడే రోబో కొనండి. కథలు చెబుతుంది, రైమ్స్ పాడుతుంది, అంకెలు నేర్పుతుంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా జవాబిస్తుంది, ఫోను గోల తప్పుతుంది, పైగా కోడింగుకు పునాది పడుతుంది. హైదరాబాదు అపార్టుమెంట్లలోనూ ఇదే మాట, డాలస్‌లో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలోనూ ఇదే మాట. కొనాలా వద్దా అన్న ప్రశ్న ఎవరికీ రావడం లేదు. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని భాషలొచ్చు, ఛార్జింగు ఎంతసేపుంటుంది, ఏడాది చందా ఎంత... చర్చంతా అక్కడే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఐదేళ్లలోపు పిల్లలకు మాట్లాడే రోబో ఏదీ అవసరం లేదు. కొననందువల్ల వాళ్లు పోగొట్టుకునేది ఏమీ లేదు. కొన్నందువల్ల పోగొట్టుకునేది మాత్రం చాలా ఉంది. అందులో మొదటిది ఇంట్లోవాళ్ల మాట.

ఆ వయసులో చదువు ఎలా సాగుతుందో చూడండి. బాల్కనీ గ్రిల్ మీద కాకి వాలింది. పిల్ల వేలు చూపించి, “అమ్మా, కాకి ఎందుకు అలుస్తోంది?” అంది. “ఆకలేస్తోందేమోనమ్మా.” “వాళ్లమ్మ అన్నం పెట్టలేదా?” “పెట్టే ఉంటుంది. మన పప్పు తాలింపు వాసన తగిలి వచ్చిందేమో.” “మొన్న అమ్మమ్మ వాళ్లింటికి కూడా వచ్చింది కదా!” ఇంతే, అర నిమిషం. ఈ అర నిమిషంలో కారణం వెతకడం ఉంది, ఊహించడం ఉంది, మొన్నటిదీ ఇవాళ్టిదీ జోడించుకోవడం ఉంది. తల్లి పాఠం చెప్పాలని కూర్చోలేదు. పిల్ల వేలు ఎటు చూపిస్తోందో చూసింది, పిల్ల మనసులో ఏముందో పట్టుకుంది, దానికి ఒక మాట చేర్చింది. రోబోకు ఆ కాకి పట్టదు, అమ్మమ్మ ఎవరో తెలీదు, మొన్న అన్నది లేదు. కాకి అన్న మాట వినబడితే కాకి గురించి తనకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతుంది. ఆ ముక్కలు తప్పు కాకపోవచ్చు. పిల్ల అడిగింది మాత్రం వాటి గురించి కాదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో ఉత్తర ఆరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన ఆనా సోసా 26 మంది తల్లిదండ్రులు, వాళ్ల పసిపిల్లలు ఇళ్లలో ఆడుకుంటున్నప్పటి మాటలను రికార్డు చేశారు. కొంతసేపు శబ్దాలు, మాటలు వచ్చే ఎలక్ట్రానిక్ బొమ్మలు, కొంతసేపు చెక్క పజిళ్లు, దిమ్మెలు, కొంతసేపు బొమ్మల పుస్తకాలు ఇచ్చారు. 2016లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఫలితం ఇది: ఎలక్ట్రానిక్ బొమ్మ చేతిలో ఉన్నప్పుడు పెద్దవాళ్లు తక్కువ మాట్లాడారు, పిల్లలతో ఒకరికొకరు బదులిచ్చుకోవడం తగ్గింది, పిల్లల నోటి నుంచి వచ్చే కూతలూ తగ్గాయి. అన్నిటికన్నా ఎక్కువ మాట పుట్టించినవి పుస్తకాలు. ఆ పిల్లలు 10 నుంచి 16 నెలలవాళ్లు, సంఖ్యా చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ జరిగినది మనకు కొత్తేమీ కాదు. బొమ్మ మాట్లాడుతుంటే మధ్యలో మనమెందుకని పెద్దవాళ్లు ఊరుకుంటారు. దాన్ని ఇంకా ఎక్కువ మాట్లాడేలా, పేరుపెట్టి పిలిచేలా తయారుచేస్తే పెద్దవాళ్లు ఇంకా ఎక్కువగా ఊరుకుంటారు. వంటింట్లో ఉన్న తల్లికి, ల్యాప్‌టాప్ ముందున్న తండ్రికి ఆ బొమ్మ ఇచ్చే హామీయే అది.

“రోబో టీవీ లాంటిది కాదు, తిరిగి జవాబిస్తుంది” అన్నది దీనికి వచ్చే గట్టి జవాబు. తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం 2003లో ఒక పరిశోధన ప్రచురించింది. తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా మాండరిన్ భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడుతూ మాట్లాడితే పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. అదే మనిషిని, అవే మాటలను వీడియోలో చూపిస్తే ఏమీ పట్టుకోలేదు. వీడియో పిల్ల చూపును బట్టి మారదు కనుక అలా జరిగిందనీ, రోబో మారుతుంది కనుక అది మనిషి స్థానంలో పనికొస్తుందనీ వాదన. వినడానికి బాగానే ఉంది. మరి పరీక్షించి చూస్తే?

యూరోపియన్ యూనియన్ నిధులతో ఎల్‌టూటోర్ అనే పరిశోధన జరిగింది. నెదర్లాండ్స్‌లో ఐదారేళ్ల పిల్లలు దాదాపు 200 మందికి ఏడు పాఠాల్లో 34 ఇంగ్లీషు మాటలు నేర్పారు. కొందరికి టాబ్లెట్‌తో పాటు నావో అనే మనిషి రూపు రోబో కూడా పాఠం చెప్పింది, చేతులతో అభినయం కూడా చేసింది. కొందరికి టాబ్లెట్ ఒక్కటే. 2019లో ప్రకటించిన ఫలితం: రోబో దగ్గర నేర్చుకున్నవాళ్లకూ, ఉత్త టాబ్లెట్ దగ్గర నేర్చుకున్నవాళ్లకూ తేడా కనబడలేదు. ఇది అంగట్లో దొరికే బొమ్మ కాదు. ఆ రంగంలో ఆరితేరిన విశ్వవిద్యాలయాలు, ఏళ్ల తరబడి, ఈ ఒక్క పనికోసమే తీర్చిదిద్దిన ఏర్పాటు. అంత శ్రమపడ్డా రోబో ఉండటం వల్ల అదనంగా ఒక్క మాట ఎక్కువ రాలేదు. పెట్టె మీద “ఇంగ్లీషు ఇట్టే వచ్చేస్తుంది” అని అచ్చువేసే కంపెనీ దగ్గర ఇంతకన్నా మంచి రుజువు ఉంటే చూపించమనండి.

అసలు ఆ పెట్టె మీది “ఎడ్యుకేషనల్” అన్న మాటను ఎవరూ పరీక్షించరు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. అది మంచి నిబంధన. ఊడొచ్చే ముక్కలు, రంగుల్లో విషాలు, కరెంటు భద్రత ఇవన్నీ దాని కింద చూస్తారు. పిల్లకు ఏమైనా నేర్పుతుందా లేదా అన్నది ఆ గుర్తు చెప్పదు. తల్లిదండ్రులు మాత్రం ఒక గుర్తు చూసి రెండో మాట కూడా నమ్మేస్తున్నారు. మునుపటి తరంలో ఇలాగే, పసిపిల్లలకు నేర్పుతాయని బేబీ ఐన్‌స్టీన్ వీడియోలను నమ్మారు. ఆ వీడియోలు అమ్మిన డిస్నీ సంస్థే 2009లో, కావాలన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది జూడీ డెలోష్ బృందం అటువంటి వీడియో ఒకటి తీసుకుని నెల రోజులు పరీక్షించింది. వీడియో చూసిన పిల్లలు చూడనివాళ్ల కన్నా ఎక్కువేమీ నేర్వలేదు. అందరికన్నా ఎక్కువ మాటలు నేర్చినవాళ్లు వీడియో లేకుండా అమ్మానాన్నలు రోజువారీ పనుల్లో నేర్పిన పిల్లలు.

ఇక ఇంగ్లీషు. మన ఇళ్లలో రోబో కొనడానికి నిజమైన కారణం చాలామందికి ఇదే. ఈ బొమ్మలు ప్రధానంగా ఇంగ్లీషులోనే మాట్లాడతాయి. పసిపిల్లల గొంతును, ఉచ్చారణను పట్టుకోవడం యంత్రాలకు పెద్దవాళ్ల మాట కన్నా కష్టం. తెలుగింటి నాలుగేళ్ల పిల్ల నాలుక ఇంకా తిరగని ఇంగ్లీషులో అడిగితే అది “మళ్లీ చెప్పు” అంటుంది. పిల్ల మళ్లీ చెబుతుంది. మూడోసారి నాన్న వచ్చి పిల్ల తరఫున అడిగి పెడతాడు. నాలుగు రోజులకు పిల్ల తనకు కావలసింది అడగడం మానేసి యంత్రానికి అర్థమయ్యేది అడగడం మొదలుపెడుతుంది. పూర్తి వాక్యాలు అల్లే వయసులో ఆ పిల్లకు మనం నేర్పింది ఇదా? 2020 జాతీయ విద్యావిధానం, ఆ తర్వాత 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం రెండూ మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఇంటి భాషకు, ఆటకు పెద్దపీట వేశాయి. ఇంటి భాషలో మాట నిండుగా ఉన్న పిల్ల ఇంగ్లీషు బడిలో నేర్చుకోగలదు. ఇంట్లో తెలుగు సగం, బొమ్మతో ఇంగ్లీషు సగం అయితే రెండూ సగమే మిగులుతాయని నా భయం. అమెరికాలో పెరిగే మన పిల్లల విషయంలో ఈ భయం ఇంకా ఎక్కువ. అక్కడ ఇంగ్లీషు వీధి నిండా ఉంది. కరువైంది తెలుగు. ఆ కరువును ఇంగ్లీషు రోబో ఎలా తీరుస్తుంది?

అందరికన్నా నిజాయితీగా ఈ బొమ్మను సమర్థించేవాళ్లు ఉద్యోగాలు చేసే దంపతులు. “ఇద్దరం ఎనిమిదింటికి ఇల్లు చేరతాం. అప్పటికి మాకు ఓపిక ఉండదు. పిల్ల అడిగేవాటికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా!” వీళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఐటీ కారిడార్‌లో రోజుకు రెండు మూడు గంటలు ట్రాఫిక్‌కే పోయే మనుషులకు నీతులు చెప్పడం అన్యాయం. అయితే వాళ్లు ఒక విషయంలో తమను తాము తక్కువ చేసుకుంటున్నారు. మూడేళ్ల పిల్లకు గంటల తరబడి పాఠం అక్కర్లేదు. స్నానం చేయించేటప్పుడు, బఠాణీలు ఒలిచేటప్పుడు, ఆరిన బట్టలు మడతపెట్టేటప్పుడు జరిగే మాట చాలు. “ఈ సాక్సుకు జత ఏది?” అనడం లెక్క. “నాన్న చొక్కా పెద్దదా, నీ గౌను పెద్దదా?” అనడం కొలత. అలసిపోయిన మనిషి కూడా ఇది చేయగలడు, రోజూ చేస్తూనే ఉన్నాడు. దానికి విలువ లేదనీ, చదువంటే పెట్టెలో వచ్చేదనీ అతణ్ని నమ్మించింది వ్యాపారం.

మిగిలిన సమయంలో పిల్ల ఒక్కతే ఆడుకోవాలి. గిన్నెలు, మూతలు, పాత అట్టపెట్టె, చపాతీ పిండి ముద్ద. లక్కపిడతలు పెట్టుకుని బొమ్మకు అన్నం వండే పిల్ల తనే తల్లి, తనే పిల్ల, తనే వచ్చిన చుట్టం. మూడు గొంతులు తనే మాట్లాడుతుంది. ఆ ఆటలోకి రోబో వచ్చి “హాయ్, మనం ఆడుకుందామా?” అంటే మూడు గొంతులూ ఆగిపోతాయి. పిల్ల ఖాళీగా ఉందని భయపడేవాళ్లు ఆ ఖాళీలో ఏం జరుగుతోందో కాసేపు తలుపు చాటునుంచి చూడాలి.

ఊళ్లో ఉన్న అమ్మమ్మ, తాతయ్యల సంగతి మరొకటి. వాళ్లు పలకరించేది స్క్రీన్ లోంచే అయినా, స్క్రీన్ అనగానే అన్నీ ఒకటే కావు. రోజ్‌బెర్రీ, హర్ష్ పాసెక్, గోలింకాఫ్ అనే పరిశోధకులు 2014లో చూపించినదాన్ని బట్టి, రెండేళ్లు దాటిన పిల్లలు మామూలు వీడియో నుంచి నేర్వలేని కొత్త క్రియాపదాలను మనిషి ఎదురుగా స్పందించే వీడియో కాల్‌లో నేర్చుకోగలిగారు. అంటే తెనాలిలో ఉన్న అమ్మమ్మ వాట్సాప్ కాల్‌లో రోజూ పావుగంట కథ చెబితే అది చదువే. ఆమెకు పిల్ల ముద్దుపేరు తెలుసు, నిన్న ఎందుకు ఏడ్చిందో తెలుసు. ఆమెకు చందా కట్టక్కర్లేదు.

రోబో విసుక్కోదు, అలగదు, కోప్పడదు అనడాన్ని గొప్పగా చెబుతారు. నేను సరిగ్గా అందుకే వద్దంటున్నాను. తోటిపిల్ల బొమ్మ లాక్కుంటుంది, కటీఫ్ చెప్పి మూతి ముడుచుకుంటుంది, మళ్లీ జట్టు కట్టాలంటే తన వంతు వదులుకోవాలి. ఎదుటివాళ్లకూ ఒక మనసుంటుందని నాలుగేళ్ల పిల్ల తెలుసుకునే దారి ఇదే. ఎప్పుడూ సరేననే స్నేహితుడి దగ్గర ఇది రాదు. ఎంఐటీకి చెందిన షెర్రీ టర్కిల్ ఏళ్ల తరబడి పిల్లలను, బొమ్మ రోబోలను గమనించి రాసినది ఈ సందర్భంలో గుర్తుచేసుకోవాలి. 1998లో వచ్చిన ఫర్బీ అనే బొచ్చు బొమ్మనే పిల్లలు “కాస్త బతికున్నట్టే” అనుకున్నారట. అది మాట్లాడింది నాలుగు ముక్కలే. ఇప్పటివి పేరుపెట్టి పిలిచి, నీకు దిగులుగా ఉందా అని అడుగుతున్నాయి.

ఆటిజం ఉన్న పిల్లలకు రోబోలు మేలు చేశాయి కదా అని కొందరు అంటారు. చేశాయి. యేల్ విశ్వవిద్యాలయం 2018లో 12 కుటుంబాలతో నెల రోజులు జరిపిన ప్రయత్నంలో పిల్లల్లో మెరుగుదల కనిపించింది. కానీ అక్కడ రోజూ అరగంట సేపు పిల్ల పక్కన తల్లో తండ్రో కూర్చున్నారు, వెనక నిపుణులున్నారు. అది చికిత్స. చికిత్సలో పనికొచ్చిన పరికరం పేరు చెప్పి అందరి పిల్లలకూ బొమ్మ అమ్మడం సరికాదు.

ఈ బొమ్మల చెవుల గురించీ మాట్లాడుకోవాలి. మై ఫ్రెండ్ కేలా అనే మాట్లాడే బొమ్మను 2017 ఫిబ్రవరిలో జర్మనీ టెలికం నియంత్రణ సంస్థ నిషేధించింది. చాటుగా వినే పరికరం కిందికి వస్తుందనీ, ఇంట్లో ఉంటే ధ్వంసం చేయాలనీ తల్లిదండ్రులకు చెప్పింది. పాస్‌వర్డు లేని బ్లూటూత్ ద్వారా ఆ దగ్గర్లో ఉన్న ఎవరైనా దానిలోంచి పిల్లతో మాట్లాడవచ్చు. అదే ఏడాది క్లౌడ్‌పెట్స్ బొమ్మల నుంచి 8 లక్షలకు పైగా ఖాతాల వివరాలు బయటపడ్డాయి. తల్లిదండ్రులు, పిల్లలు పంపుకున్న 20 లక్షలకు పైగా వాయిస్ సందేశాలు రక్షణ లేకుండా పడి ఉన్నాయి. అంతకు ముందు 2015లో వీటెక్ అనే బొమ్మల కంపెనీ నుంచి 60 లక్షలకు పైగా పిల్లల ప్రొఫైళ్లు దొంగలపాలయ్యాయి. ఇవన్నీ పాత సంగతులనే వాళ్లకు 2025 నవంబరు నాటిది ఒకటి: అమెరికా వినియోగదారుల సంస్థ పిర్గ్ పరీక్షించినప్పుడు కుమ్మా అనే ఏఐ టెడ్డీ బేర్ అగ్గిపుల్ల ఎలా వెలిగించాలో వివరించింది, లైంగిక విషయాలు మాట్లాడింది. దాని అమ్మకాలు నిలిపేయాల్సి వచ్చింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పిల్లలను వెంటాడి గమనించడాన్ని నిషేధించింది, తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసింది. నియమాలు వచ్చింది 2025 నవంబరులో, ముఖ్యమైన బాధ్యతల అమలుకు ఇచ్చిన గడువు మరో 18 నెలలు. చట్టం మంచిదే. మన పడగ్గది మాటలు ఏ దేశపు సర్వర్‌లో ఉన్నాయో కనిపెట్టి రాబట్టే పని మాత్రం చట్టం కన్నా కష్టం.

కంపెనీ మూతపడితే? జిబో అనే ఇంటి రోబో 2019లో, నా సర్వర్లు ఆపేస్తున్నారు, ఇక సెలవు అని తన నోటితోనే యజమానులకు చెప్పింది. పిల్లల భావోద్వేగాలకు తోడని దాదాపు 800 డాలర్లకు అమ్మిన మాక్సీ అనే రోబో సంగతి 2024 డిసెంబరులో అలాగే అయింది. పిల్లలకు ఈ కబురు ఎలా చెప్పాలో కంపెనీయే ఒక ఉత్తరం రాసి పెద్దవాళ్ల చేతిలో పెట్టింది. స్నేహితుడని అంటగట్టి, నిధులు రాలేదని ఆ స్నేహితుణ్ని ఆపేయడం పిల్లల పట్ల ఎంత అమానుషమో ఆలోచించండి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి, లక్కరంగు వేసిన బొంగరానికి ఈ ప్రమాదం లేదు.

కోడింగు వాదన ఒకటి మిగిలింది. ఇక్కడ నేను రోబోలన్నిటికీ వ్యతిరేకిని కాదు. 1967లో లోగో భాషను రూపొందించిన వాళ్లలో ఒకరైన సేమర్ పాపర్ట్, పిల్ల యంత్రాన్ని నడపాలి గానీ యంత్రం పిల్లను నడపకూడదని జీవితమంతా చెప్పారు. ఆయన నేల మీద నడిపించిన తాబేలు రోబో మాట్లాడదు. పిల్ల చెప్పినట్టు ముందుకు పోతుంది, తిరుగుతుంది, తప్పు చెబితే గోడకు గుద్దుకుంటుంది. తప్పెక్కడో పిల్లే వెతుక్కోవాలి. ఇవాళ ఆ దారిలో వచ్చినవి బడుల్లో వాడే బీ బాట్, మూడేళ్ల పిల్లలకని చెక్కతో చేసిన క్యూబెట్టో. వాటికి స్క్రీన్ లేదు. నాలుగేళ్లు దాటిన పిల్లకు అలాంటిది ఒకటి, బడిలో నలుగురూ కలిసి వాడుకునేలా దొరికితే నాకు అభ్యంతరం లేదు. దానికీ ఇప్పుడు కోడింగు పేరు మీద అమ్ముతున్న వాగుడు రోబోకూ పోలికే లేదు. “ఎర్ర బొత్తం నొక్కు, శభాష్!” అని చెప్పే యంత్రం దగ్గర పిల్ల నేర్చేది యంత్రం చెప్పినట్టు వినడం.

కొనక తప్పని పరిస్థితి ఉంటే దుకాణంలో అడగాల్సినవి సూటిగా అడగండి. వైఫై లేకుండా పనిచేస్తుందా? మైకు, కెమెరా ఉన్నాయా? బటన్ బ్యాటరీ ఉంటే దాని మూత స్క్రూతో బిగించి ఉందా? (మింగింది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు, దీన్ని తేలిగ్గా తీసుకోకండి.) కంపెనీ రేపు మూతపడినా బొమ్మ నడుస్తుందా? ఈ ప్రశ్నలకు తృప్తికరమైన జవాబు రాకపోతే పెట్టె అక్కడే వదిలేసి రండి. అడ్మిషన్ల వేళ వరండాలో రోబోను నిలబెట్టి ఫీజు పెంచే ప్లేస్కూళ్లనూ ఇదే పద్ధతిలో అడగండి: ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలు, ఆ టీచరు రోజులో ఎంతసేపు వాళ్లతో మాట్లాడుతుంది అని.

ఈ ఏడాది మీ పిల్ల పుట్టినరోజుకు ఏం తెమ్మంటారని చుట్టాలు అడిగితే, మాట్లాడే రోబో వద్దని మొహమాటం లేకుండా చెప్పండి. చెక్క దిమ్మెలో, తెలుగు బొమ్మల పుస్తకమో తెమ్మనండి. తెచ్చినవాళ్లను వెంటనే వెళ్లనివ్వక, ఒక గంట చాప మీద కూర్చుని ఆ పిల్లతో ఆడి వెళ్లమనండి.